ఉల్లి వేరు కొన స్లయిడ్‌లో విభజన దశలు కనపడట్లేదు, ఎక్కడ తేడా?

ప్రశ్న:
ఇంటర్ ప్రాక్టికల్స్ కోసం సమవిభజన (ఒక కణం ఒకేలాంటి రెండు కణాలుగా విడిపోవడం) స్లయిడ్ చేస్తున్నాం. ఉల్లిగడ్డను 4 రోజులు నీళ్ల మీద పెట్టి, మధ్యాహ్నం 2 గంటలకు 1 సెం.మీ. వేరు కోసి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 2 నిమిషాలు ముంచి, ఎసిటోకార్మిన్ అనే రంగు వేసి నొక్కాం. కణాలు గుట్టగా పడ్డాయి, కనపడినవన్నీ అంతర్దశవే (విభజన మొదలవనివి). ఇంకో డౌటు: ఉల్లికి 16 క్రోమోజోములైతే చలనదశలో (క్రోమోజోములు రెండు వైపులకూ విడిపోయే దశ) 32 ఎందుకంటారు? డీఎన్ఏ మళ్లీ రెట్టింపయిందా?

జవాబు 1:
1 సెం.మీ. ముక్క నొక్కితే అంతర్దశ తప్ప ఇంకేం కనపడుతుంది! విభజన జరిగేది వేరు తొడుగు వెనకే, కొన నుంచి 2 మి.మీ. లోపు. ఆ పైనున్నవి విభజన మానేసి సాగిపోయిన కణాలు. రంగు పట్టాక కొన మాత్రం ముదురుగా కనిపిస్తుంది, అక్కడికే బ్లేడుతో కోసి మిగతాది పారేయండి. వేళ్లు 1-2 సెం.మీ. ఉన్నప్పుడు, ఉదయం 8-10 మధ్య కోయండి. కోసిన వెంటనే 3 పాళ్లు ఆల్కహాల్, 1 పాలు గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో 24 గంటలు ఉంచాలి. మీరు ఈ మెట్టే దాటేశారు. ఆ ద్రవం ఏ రోజుకారోజు కలుపుకోవాలి, నిలవుంటే పనిచేయదు. వెంటనే వాడకపోతే వేళ్లను 70% ఆల్కహాల్‌లోకి మార్చండి.

జవాబు 2:
గుట్టగా పడటానికి కారణం ఆమ్లం. కణాలను అతికించి ఉంచే పెక్టిన్ కరగాలంటే 1 నార్మల్ గాఢత ఉన్న ఆమ్లం, 60 డిగ్రీల వేడి, 5-8 నిమిషాలు కావాలి. చల్లటి ఆమ్లంలో 2 నిమిషాలకు ఏమీ కాదు. మరీ ఎక్కువసేపు ఉంచితే ముక్క పట్టకారుకే చిక్కదు, రంగూ పాలిపోతుంది. తర్వాత నీళ్లతో బాగా కడగండి. రంగులో 10 నిమిషాలు ఉంచి స్లయిడ్‌ను కాస్త వెచ్చచేయండి, మరగనివ్వద్దు. కవర్ స్లిప్ మీద పెన్సిల్ వెనక కొసతో మెల్లగా తట్టి, బ్లాటింగ్ పేపర్ వేసి బొటనవేలితో నిటారుగా నొక్కాలి. పక్కకు జరిగిందా, కణాలన్నీ చుట్టుకుపోతాయి.

జవాబు 3:
రెండో డౌటుకి: డీఎన్ఏ రెట్టింపయ్యేది ఒక్కసారే, అంతర్దశలోని ఎస్ దశలో. మధ్యస్థదశలో (క్రోమోజోములు కణం మధ్యలో వరుసకట్టే దశ) 16 క్రోమోజోములు, ఒక్కోదానికి రెండేసి క్రోమాటిడ్లు (ఒకేలాంటి జంట పోగులు), అంటే 32 డీఎన్ఏ అణువులు అప్పటికే ఉన్నాయి. చలనదశలో సెంట్రోమియర్ (రెండు క్రోమాటిడ్లను కలిపి ఉంచే చోటు) చీలగానే ప్రతి క్రోమాటిడ్‌నీ విడి క్రోమోజోముగా లెక్కేస్తాం. లెక్క మారింది, డీఎన్ఏ అంతే ఉంది. పరీక్షలో సెంట్రోమియర్లు లెక్కపెట్టండి, క్రోమోజోము బాహువులు కాదు.

జవాబు 4:
జవాబు 1కి చిన్న చేర్పు. ఉదయం 8-10 అనేది రాతిమీద గీత కాదు, ఉష్ణోగ్రతను బట్టి అటూ ఇటూ అవుతుంది. అరగంటకోసారి రెండేసి వేళ్లు కోసి విడివిడి సీసాల్లో వేసి, టైము రాసి అంటించండి. ఏ సీసాలో విభజనలు ఎక్కువుంటే మీ గదికి అదే సమయం.