2-0తో ముందుండి ఓడిపోయాం: ఆటకు స్కిల్ ముందా, స్టామినా ముందా, గుండె ముందా?

లబ్బీపేట మిడ్‌ఫీల్డర్

అందరికీ నమస్తే. మొన్న ఆదివారం మా విజయవాడ టీమ్ తరఫున గుంటూరు కుర్రాళ్లతో ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడాం. గంటసేపు మాదే ఆట, 2-0తో ముందున్నాం. మా వింగర్ ఇద్దరిని తప్పించి వేసిన రెండో గోల్‌కి అవతలి వాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. చివరికి 2-3తో ఓడిపోయాం. ఆ మూడు గోల్సూ ఆఖరి ఇరవై నిమిషాల్లోనే పడ్డాయి.

అప్పటినుంచి మా గ్రూపులో ఒకటే వాదన. స్టామినా లేదని సగం మంది అంటున్నారు. ఒక గోల్ పడగానే డీలా పడ్డాం, గుండె లేదని మిగతా సగం. మా కోచ్ గారు మాత్రం "మీకు పాస్ ఇవ్వడం రాదు, అందుకే అలిసిపోయారు" అన్నారు. ఈ మాట నాకు అర్థం కాలేదు. పెద్దవాళ్లు, ఆడినవాళ్లు మీ అనుభవం చెప్పండి. రెండు రాత్రులుగా సరిగ్గా నిద్ర లేదు.

గుంటూరు రైట్‌వింగ్

అన్నా, అవతలి వైపు ఆడినవాళ్లలో నేనూ ఉన్నాను. బంతి మీద మీకున్న పట్టు మాకు లేదు. మొదటి గంట మీ వెనక పరిగెత్తడమే మా పని అయింది.

హాఫ్ టైమ్‌లో మా సీనియర్ ఒకాయన "వాళ్ల లెఫ్ట్‌బ్యాక్‌ని గమనించండి" అన్నాడు, అంటే ఎడమవైపు డిఫెండర్‌ని. ఆట ఆగినప్పుడల్లా అతను మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగుతున్నాడు. ఇక బంతి దొరికితే చాలు, అటే పంపాం. మొదటి రెండు గోల్సూ ఆ వైపు నుంచే వచ్చాయి. అతను మంచి ఆటగాడే. కానీ అన్నిసార్లు మేం ఇద్దరం మీద పడుతున్నా మీలో ఒక్కరూ అతనికి సాయం రాలేదు. తప్పుగా అనుకోవద్దు, మాకు ధైర్యం వచ్చింది అది చూసే.

ఇంకొకటి. మేం గుంటూరు బీఆర్ స్టేడియంలో మధ్యాహ్నం మూడున్నరకే ప్రాక్టీస్ మొదలుపెట్టేవాళ్లం, మ్యాచ్ సాయంత్రం నాలుగింటికి కాబట్టి. మొదటి వారం ఇద్దరికి కళ్లు తిరిగాయి. రెండు వారాలకు ఒళ్లు ఎండకు అలవాటు పడింది. మీరు పొద్దున ఆరింటికి చల్లపూట ప్రాక్టీస్ చేస్తారని తర్వాత తెలిసింది.

రైల్వే గ్రౌండ్ పాతకాపు

బాబూ, మీ కోచ్ గారు సరిగ్గా చెప్పారు. నేను 1980ల్లో ఇక్కడి రైల్వే గ్రౌండ్‌లో ఆడినవాణ్ణి. మాతో ఒక పెద్దాయన ఆడేవారు. నలభై దాటాయి, కాస్త పొట్ట కూడా ఉండేది. మేం ఇరవై ఏళ్ల వాళ్లం రొప్పుతుంటే ఆయన తాపీగా నడుస్తూ కనిపించేవారు. బంతి తన దగ్గరికి రాకముందే తల తిప్పి ఎటు పంపాలో చూసి పెట్టుకునేవారు. ఒక్క టచ్, అంతే, బంతి వెళ్లిపోయేది. పరిగెత్తే పని బంతికి అప్పజెప్పిన మనిషి ఆయన.

ఇద్దరిని తప్పించడం ఒక్కటే స్కిల్ అనుకుంటారు మీ వయసులో. ఫస్ట్ టచ్, అంటే వచ్చిన బంతిని మొదటిసారి కాలితో ఆపడం, చెడితే బంతి మూడు గజాల అవతల పడుతుంది. దానికోసం ఒక పరుగు. అది అవతలివాడికి దొరికితే వెనక్కి నలభై గజాల పరుగు. ఇలాంటివి మ్యాచ్‌లో యాభై జరిగితే ఎంత స్టామినా ఉన్నా ఏం మిగులుతుంది?

మన హైదరాబాద్ రహీం సాబ్ డ్రిబ్లింగ్ (బంతిని కాలితో నడిపిస్తూ ముందుకు తీసుకెళ్లడం) లేకుండా ఆడే పోటీలు పెట్టేవారు, పిల్లలకు ఒక్క టచ్‌లో పాస్ అలవడాలని. సయ్యద్ అబ్దుల్ రహీం, బడి పంతులుగా పనిచేసిన మనిషి. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే మనవాళ్లు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకున్నారు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం గెలిచారు. ఆ ఫైనల్లో జర్నైల్ సింగ్ తలకు కుట్లతో ఆడాడు. అసలు అతను డిఫెండర్. ఆ దెబ్బతో డిఫెన్స్‌లో ఆడటం కష్టమని రహీం సాబ్ అతన్ని ముందుకు పంపితే గోల్ కొట్టాడు. అప్పటికే రహీం సాబ్‌కు కేన్సర్. మరుసటి ఏడాదే పోయారు. గుండె గురించి అడిగావు కదా, ఆ ఫైనల్ తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

భవానీపురం కీపర్

నా ఓటు స్టామినాకే. 2014 వరల్డ్ కప్‌లో నెదర్లాండ్స్, మెక్సికో మ్యాచ్ గుర్తుందా? ఫోర్టలెజా ఎండకు మధ్యలో కూలింగ్ బ్రేక్ ఇచ్చారు. మెక్సికో 1-0తో ముందుంది. 88వ నిమిషంలో స్నైడర్ కొట్టాడు, 90 నిమిషాలు దాటాక ఇంజ్యూరీ టైమ్‌లో పెనాల్టీ మీద హంట్‌లార్ ముగించాడు. చివరి పది నిమిషాలకు ఎవరి దగ్గర ఊపిరి మిగిలితే మ్యాచ్ వాళ్లదే.

బ్రాడీపేట ఫిజియో

స్టామినా అనగానే మన దగ్గర గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు కొట్టిస్తారు. దాంతో కొంత లాభం ఉంది, కానీ మ్యాచ్ అలా నడవదు. పెద్ద స్థాయి ఆటగాడు 90 నిమిషాల్లో సుమారు 10 నుంచి 12 కిలోమీటర్లు తిరుగుతాడు. అందులో ఎక్కువ భాగం నడక, మెల్లని పరుగు. ఫలితం తేల్చేవి మధ్యలో వచ్చే చిన్న చిన్న స్ప్రింట్లు. ఒకటి అయ్యాక రెండోదానికి ఎంత త్వరగా తేరుకుంటాడన్నదే లెక్క. కాబట్టి ముప్పై మీటర్ల స్ప్రింట్, అర నిమిషం విశ్రాంతి, మళ్లీ స్ప్రింట్. ఇలా ఆరేడు చేసి, ఆయాసం తగ్గకముందే పాసింగ్ ప్రాక్టీస్ పెట్టండి. తాజాగా ఉన్నప్పుడు పాస్ అందరికీ వస్తుంది. అలిసిన కాలికి నేర్పాలి.

ఎండ గురించి మాత్రం గట్టిగా చెప్తున్నాను. అలవాటు చేసుకోవడం అంటే మొదటి రోజే గంటన్నర ఆడటం కాదు. ఇరవై నిమిషాలతో మొదలుపెట్టి రెండు వారాల్లో పెంచండి. ఉప్పు వేసిన మజ్జిగ, నీళ్లు పక్కనే ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో మన రెండు ఊళ్లలోనూ మధ్యాహ్నం పూట అసలు వద్దు. ఎవరైనా తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడితే ఆట ఆపేసి నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూ వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. గుంటూరు తమ్ముళ్లూ, ఆ కళ్లు తిరగడాన్ని తేలిగ్గా తీసుకోకండి.

పటమట నంబర్ 6

నేను కాలేజీ అమ్మాయిల టీమ్‌లో ఆడేదాన్ని. ఒక మ్యాచ్‌లో 3-0తో వెనకబడ్డాం, అందరం తలలు దించేశాం. మా స్టాపర్ (మధ్యలో ఆడే డిఫెండర్) మాత్రం ఎలాగూ బయటికి పోయే బంతి కోసం కార్నర్ దాకా పరిగెత్తి, పడిపోయి, ఆఖరి క్షణంలో కాలు పెట్టి ఆపింది. పెద్దగా ఉపయోగమేమీ లేదు, అవతలివాళ్లకు త్రో వచ్చిందంతే. కానీ ఆ తర్వాత మాలో ఎవరికీ నడవడానికి మనసు ఒప్పలేదు. 3-2తో ఓడిపోయాం. నాకు ఇప్పటికీ అన్నిటికంటే గుర్తుండే మ్యాచ్ అదే.

"దమ్ము" అంటే మనకు ఊపిరీ అదే, తెగువా అదే. ఆ రోజు నాకు ఆ మాట తెలిసొచ్చింది. కాళ్లలో సత్తువ అయిపోయాక ధైర్యం చెప్పినా ఎక్కదు. కానీ సత్తువ అయిపోయిందని మనం ముందే అనేసుకుంటాం, అదీ నిజమే. 2018 వరల్డ్ కప్‌లో క్రొయేషియా వరుసగా మూడు మ్యాచ్‌లు 120 నిమిషాలు ఆడి ఫైనల్‌కి వచ్చింది. మూడోదాంట్లో ఇంగ్లండ్ ఐదో నిమిషంలోనే గోల్ కొట్టినా వాళ్లు వదల్లేదు.

లబ్బీపేట అన్నా, ఒకటి అడుగుతాను. మీ లెఫ్ట్‌బ్యాక్‌తో మ్యాచ్ అయ్యాక ఎవరైనా మాట్లాడారా?

లబ్బీపేట మిడ్‌ఫీల్డర్

లేదు చెల్లెమ్మా. నీ ప్రశ్న చదివాకే ఫోన్ చేశాను. మ్యాచ్‌కి ముందు రెండు రోజులు అతనికి జ్వరమట. చెబితే టీమ్‌లోంచి తీసేస్తారని చెప్పలేదట. కెప్టెన్ని నేనే, నేను అడగాల్సింది. అతని వైపు వెళ్లి ఆడాల్సింది కూడా నేనే.

రాత్రి కూర్చుని ఫోన్‌లో తీసిన వీడియో మొత్తం చూశాను. పాతకాపు గారూ, మీరన్నది కళ్లకు కట్టింది. మొదటి అరగంటలోనే నేను పదకొండుసార్లు బంతి ఆపలేక వెంటపడ్డాను. అప్పుడు ముందున్నాం కాబట్టి ఎవరికీ కనిపించలేదు. కోచ్ గారికి కనిపించింది.

ఈ వారం నుంచి స్ప్రింట్లు, తర్వాత వెంటనే రెండు టచ్‌ల ఆట, అంటే ఒక్కొక్కరూ బంతిని రెండుసార్లకు మించి తాకకుండా పాస్ ఇవ్వడం. గుంటూరు తమ్ముడూ, వచ్చే నెల మళ్లీ ఆడదామా? పొద్దున ఆరున్నరకు, మా లెఫ్ట్‌బ్యాక్ కోలుకున్నాక.

గుంటూరు రైట్‌వింగ్

తప్పకుండా అన్నా. మజ్జిగ క్యాన్ మేం తెస్తాం. అతన్ని కంగారు పడకుండా పూర్తిగా తగ్గాకే రమ్మనండి, తేదీ మీరే చెప్పండి.