రాత్రి మాటిమాటికీ ఒంటికి లేవడానికీ గురకకీ సంబంధం ఉందా? (చర్చ)

నాగావళి గట్టు: మా నాన్నగారికి షుగర్ లేదు. ప్రోస్టేట్ కొంచెం పెరిగిందని మాత్రలు ఇచ్చారు. ఏడాదిగా వాడుతున్నా రాత్రి లేవడం తగ్గలేదు. గురక మాత్రం వీధి గుమ్మం దాకా వినిపిస్తాది. స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరి ఎలా ఆడుతుందో చూసే పరీక్ష) ఎవరైనా చేయించారా? ఖర్చెంత?

పార్వతీపురం పిన్ని: చేయించు బాబూ. మా ఆయనకి గురక టక్కున ఆగిపోయేది. పొట్ట ఎగిరేది గానీ గాలి లోపలికి వెళ్లేది కాదు. ఉక్కిరిబిక్కిరై లేచి తిన్నగా బాత్రూమ్‌కే పోయేవారు. గొంతు దారి మూసుకుపోకుండా గాలి ఊదే సీపాప్ మిషన్ మాస్కు పెట్టాక తెల్లారేదాకా కదలట్లేదు. ఇన్నాళ్లూ ప్రోస్టేట్, ప్రోస్టేట్ అని తిప్పిన డాక్టరు గురక గురించి ఒక్కమాట అడిగితే ఏం పోయింది?

మందులకొట్టు మాస్టారు: జీవితమంతా మందుల మధ్య గడిపినవాణ్ణి, నా మాట వినండి. గొంతులో దారి మూసుకుపోయినప్పుడు ఊపిరి కోసం ఛాతీ గట్టిగా లాగుతాది. ఆ లాగుడుకి గుండెకి రక్తం ఎక్కువగా చేరి పై గది సాగుతాది. ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని గుండె ఏఎన్‌పీ అనే హార్మోన్ వదుల్తాది. దాంతో కిడ్నీలు ఉప్పునీ నీటినీ బయటికి తోసేస్తాయి. అసలు తప్పు మూత్రసంచిది కాదు. సాయంత్రం నుంచి నీళ్లు తగ్గించండి.

కవిటి కొబ్బరితోట: ఏటి మాస్టారూ, నీళ్లు తగ్గించమని అంత తేలిగ్గా రాసేస్తారా? కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మా ఉద్దానంలో ఎండలో తోటపని చేసి వచ్చినోడు సాయంత్రమే కదా కడుపునిండా తాగుతాడు! ఇక్కడ రాత్రి లేస్తే ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష) చూపించాలి. గురక తర్వాత.

మందులకొట్టు మాస్టారు: పడుకునే ముందు రెండు గంటలన్నాను, పగలు మానేయమన్నానా?

కవిటి కొబ్బరితోట: మీరు రాసింది "సాయంత్రం నుంచి". పైకెళ్లి చదువుకోండి. పలాసలో 2023లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి పెట్టారంటే ఊరికే పెట్టలేదు. మా ఇంట్లో ఇద్దరు డయాలసిస్ మీద ఉన్నారు.

బొబ్బిలి కోట: ఇద్దరూ ఆగండి. క్రియాటినిన్ రక్తపరీక్ష ఎలాగూ చేయించాల్సిందే, దానికి గొడవెందుకు? ముందు కొలతలున్న మగ్గు కొనండి. ఎన్నింటికి లేచారు, ఎంత పోశారు, రాసి పెట్టండి. లేచిన ప్రతిసారీ కొంచెమే వస్తే ప్రోస్టేట్, సంచీ వైపు చూడాలి. మగ్గు నిండా వస్తుంటే రాత్రి మూత్రమే ఎక్కువ తయారవుతున్నట్టు. పెద్దవాళ్లలో రోజు మొత్తం మూత్రంలో మూడోవంతు మించి రాత్రే వస్తే డాక్టరుకి ఆ కాగితం చూపించాలి. అమ్లోడిపిన్ అనే బీపీ మాత్రతో కాళ్లు వాచినవాళ్లకీ పడుకోగానే ఆ నీరు దిగి ఇలాగే అవుతుంది.

పార్వతీపురం పిన్ని: మగ్గు సంగతి బావుంది. మా డాక్టరు చెప్పలేదు.

టెక్కలి రోడ్డు: స్లీప్ స్టడీలో గంటకి ఊపిరి ఎన్నిసార్లు ఆగింది, తగ్గింది అన్నది చూడండి. 5 లోపు మామూలు, 30 దాటితే తీవ్రం. నాది తీవ్రమే. కరెంటు పోతే మిషన్ ఆగిపోతాది, అదే నా బాధ. 2018 తిత్లీ తుపానుకి మావైపు రోజులతరబడి కరెంటు లేదు. ఇన్వర్టర్ లేనిదే మిషన్ కొనకండి.

రాజాం చెల్లి: మిషన్‌లో గాలికి తేమ పట్టించే తొట్టిలో బ్యాటరీ నీళ్లు పోయొచ్చా? మావాళ్లు అవే పోస్తున్నారు.

పార్వతీపురం పిన్ని: వద్దమ్మా! ఆ ఆవిరి తిన్నగా ఊపిరితిత్తుల్లోకే పోతాది. మెడికల్ షాపులో డిస్టిల్డ్ వాటర్ అడుగు. తొట్టి రోజూ కడిగి ఆరబెట్టు.