ఫిరోజ్ గాంధీ లోక్‌సభ ప్రసంగాల పూర్తి పాఠం ఎక్కడ దొరుకుతుంది?

మిత్రులకు నమస్కారం. ఎల్‌ఐసీ ఉద్యోగుల అధ్యయన తరగతి కోసం ఫిరోజ్ గాంధీ సభలో మాట్లాడిన మాటలన్నీ ఒకచోట చేర్చాలనుకుంటున్నాను. ఆయన్ని నెహ్రూ అల్లుడనో, ఇందిర భర్త అనో చెప్పి వదిలేస్తుంటారు. అది నాకు అన్యాయంగా తోస్తుంది. మంత్రి పదవి లేదు, వెనక వరసలో కూర్చున్న రాయ్‌బరేలీ సభ్యుడు. అయినా 1955 డిసెంబరులో ప్రైవేటు బీమా కంపెనీల అక్రమాలను లెక్కలతో సహా సభ ముందు పెట్టాడు. మరుసటి ఏడాదే జీవిత బీమా జాతీయమైంది. వ్యాపారి హరిదాస్ ముంద్రా కంపెనీల్లో ఎల్‌ఐసీ పెట్టిన సుమారు 1.24 కోట్ల రూపాయల గురించి 1957 డిసెంబరులో సొంత పార్టీ ప్రభుత్వాన్నే నిలదీశాడు. దీనిపై వేసిన జస్టిస్ ఛాగ్లా కమిషన్ విచారణ తర్వాత ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేయాల్సి వచ్చింది. పాలసీదారుల డబ్బు కోసం ఇంత గట్టిగా కొట్లాడినవాళ్లు అరుదు.

పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో పాత చర్చల స్కాన్లు ఉన్నాయి గానీ, ఒక్క సభ్యుడి ప్రసంగాలనే వేరు చేసి వెతకడం నాకు చేతకావడం లేదు. తెలిసినవాళ్లు దారి చూపగలరా? ముఖ్యంగా సభా కార్యకలాపాలను పత్రికలు నిర్భయంగా ప్రచురించుకునేలా 1956లో ఆయన తెచ్చిన ప్రైవేటు మెంబరు బిల్లుపై (మంత్రి కాని సభ్యుడు పెట్టే బిల్లు) చర్చ కావాలి. ఆ చట్టాన్ని ఎమర్జెన్సీలో రద్దు చేసి, 1977లో మళ్లీ తెచ్చారు కదా, ఆ చర్చలు కూడా.

ముంద్రా వ్యవహారంపై అప్పటి ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ సంపాదకీయాలు ఏ గ్రంథాలయంలో చూడొచ్చో చెప్పినా చాలా మేలు చేసినవారవుతారు.