‘ఆయన’, ‘వాడు’: నా నవలలో నాయికకి అతను ఏమవుతాడు?

ప్రశ్న:

రాస్తున్న నవలలో ఒక్క మాట దగ్గర మూడు వారాలుగా ఆగిపోయాను. ఇక్కడ పాత సాహిత్యం చదివినవాళ్ళు ఉన్నారు కదా అని అడుగుతున్నాను.

కథ మధుర (ఇప్పటి తమిళనాడులోని మదురై) నాయక రాజుల కాలానిది. విజయరంగ చొక్కనాథుడు ఏలిన రోజులు, అంటే 1706 నుంచి 1732 లోపు. నాయిక ఒక దళవాయి, అంటే సేనాపతి, ఇంటి కోడలు. మొగుడు చెడ్డవాడేం కాదు. కొట్టడు, తిట్టడు. అసలు ఆమె ఆ ఇంట్లో ఉన్నట్టే గమనించడు. ఆమె మనసు అక్కడ ఉత్తరాలూ లెక్కలూ రాసే రాయసం మీదికి పోతుంది. ఇద్దరూ దాచుకుంటారు. ఎంత దాచినా దాగదు. అదీ కథ.

ఇప్పుడు ఈ రాయసం ఆమెకి ఏమవుతాడు? ఏ మాట వాడాలి? మొదట ‘ప్రియుడు’ అని రాశాను. మర్నాడు చదువుకుంటే ‘ప్రియుడితో కలిసి భర్తను...’ అని పేపర్లో వచ్చే హెడ్డింగు గుర్తొచ్చింది. కొట్టేశాను. ‘జారుడు’ అంటే పురాణం చెప్పే గొంతు వినిపిస్తోంది, వెనకే నరకం వర్ణన కూడా మొదలయ్యేలా ఉంది. ‘మిండడు’ తిట్టు. ‘విటుడు’ డబ్బిచ్చి వచ్చేవాడు. నిఘంటువులో ‘ఉపపతి’ అని దొరికింది గానీ, అది ఉపసర్పంచ్ లాగా ఏదో పదవిలా ఉంది.

ఇంకో చిన్న చిక్కు. వెనక అట్ట మీద వేయడానికి ‘ప్రేమ లేని వివాహంలో చిక్కుకున్న స్త్రీ’ అని రాసుకున్నాను. అక్షరాలు తెలుగువే, మాట మాత్రం తెలుగులా లేదు. ఎవరైనా సరిచెయ్యండి.

జవాబు:

మేడమ్, రెండోది తేలిక కాబట్టి ముందు అది. మనకి పెళ్ళి వేరు, కాపురం వేరు. పెళ్ళి ముహూర్తంతో అయిపోతుంది. ఆ తర్వాత నడిచేదంతా కాపురం. ‘కాపురం చేస్తోంది’ అంటే ఆ ఇంట్లో ఉంటోంది, వండుతోంది, పిల్లల్ని పెంచుతోంది అని. అందులో ప్రేమ ఉందా అని ఆ మాట అడగదు. అందుకే లేదని చెప్పాల్సి వచ్చినప్పుడు కూడా మనవాళ్ళు ‘ప్రేమ’ జోలికి పోకుండా కాపురానికే ఇంకో మాట తగిలిస్తారు: మొక్కుబడి కాపురం. మొక్కుబడి అంటే అసలు దేవుడికి మొక్కుకున్నది చెల్లించడం. ఎలాగోలా తీర్చేస్తే చాలు అనే అర్థం తర్వాత వచ్చి కూర్చుంది. మీ నాయిక విషయంలో రెండూ పనికొస్తాయి. ‘ఎడమొహం పెడమొహం’ అని కూడా ఉంది గానీ, దానికి ఇద్దరి మధ్యా కనీసం ఒక తగాదా అయినా జరిగుండాలి. మీ దళవాయి కొడుకు అంత దూరం కూడా రాడనుకుంటా.

ఎవరో ఒకరు ‘మనసు లేని మనువు’ అని సలహా ఇస్తారు చూడండి, తీసుకోకండి. మనువు మంచి మాటే. పెళ్ళి అనీ, బతుకు అనీ రెండర్థాలున్నాయి, ‘మను’, ‘మనుగడ’ వరసలోది. కానీ అట్ట మీద ప్రాస కనిపిస్తే నేనైతే పుస్తకం తెరవను.

జవాబు:

అమ్మా, మీరు నవ్వుకున్న ఉపపతికి పెద్ద చరిత్రే ఉంది. నాయికా నాయకుల రకాలు చెప్పే భానుదత్తుడి సంస్కృత రసమంజరిలో నాయికలు ముగ్గురు: స్వీయ (సొంత భార్య), పరకీయ (పరాయిది), సామాన్య (వేశ్య). నాయకులూ ముగ్గురే: పతి, ఉపపతి, వైశికుడు (వేశ్య దగ్గరికి పోయేవాడు). పరకీయకి జోడు ఉపపతి. అలంకారశాస్త్రం అతన్ని తిట్టలేదు, పొగడలేదు. అందరితో పాటు పంక్తిలో విస్తరి వేసి కూర్చోబెట్టింది, అంతే. జారుడు, మిండడు అనే మాటలతో పోలిస్తే అది ఎంత మర్యాదో చూడండి.

పరకీయ అంటే ఇంకొకడి పెళ్ళాం అని చాలామంది అనుకుంటారు. సగమే నిజం. పరకీయల్లో రెండు రకాలు. పెళ్ళయినది పరోఢ, పెళ్ళికానిది కన్యక. మొగుడే లేని పిల్ల పరాయిది ఎలా అయిందంటే, తండ్రి చేతి కింద ఉంది కాబట్టి. నేను పాఠం చెప్పే రోజుల్లో ఇక్కడికి రాగానే క్లాసులో ఆడపిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు.

మీరు ఎంచుకున్న కాలమూ ఊరూ మాత్రం బలే కుదిరాయి. శేషము వేంకటపతి తారాశశాంక విజయము, సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడి అహల్యాసంక్రందనము రెండూ ఆ మధుర కొలువు కాలానివే. మొదటిదాంట్లో బృహస్పతి భార్య తార, ఆయన శిష్యుడు చంద్రుడు. రెండోదాంట్లో గౌతముడి భార్య అహల్య, ఇంద్రుడు. సంక్రందనుడు అన్నా ఇంద్రుడే. ఆ కావ్యాల పేర్లు ఒకసారి పైకి చదవండి. రెండింట్లోనూ మొగుడి పేరు లేదు. శుభలేఖలో వేసినట్టు వాళ్ళిద్దరి పేర్లూ పక్కపక్కన ఉన్నాయి. గురుపత్నిని కోరడం ధర్మశాస్త్రాల లెక్కలో మహాపాతకం. ఆ కథకి చివర ‘విజయము’ అని తగిలించిన కవి ఉన్న కాలంలో మీ నాయిక తిరుగుతోంది. ఆ పద్యాలు ఎవరో చదువుతుంటే తలుపు చాటు నుంచి విన్నట్టు ఒక సీను రాసుకోండి. నేనైతే వదలను.

జవాబు:

మాస్టారూ, విస్తరి వేశారన్నారు, బాగుంది. ఆ విస్తరి ముందు ఆమెకి పెట్టిన పేరు మాత్రం ‘పరాయివాడిది’. చెంబు మీద యజమాని పేరు చెక్కించినట్టు! ఈ ఆలోచన శాస్త్రాలతోనే పోలేదు. 1860 నాటి శిక్షాస్మృతిలో 497వ సెక్షన్ కూడా ఇదే వ్యాకరణంతో రాశారు. ఇంకొకరి భార్యతో సంబంధం పెట్టుకున్న మగవాడికి శిక్ష, అదీ ఆ భర్త ఒప్పుకోలు లేకపోతేనే. ఒప్పుకుంటే నేరమే కాదు. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది 2018లో. అందుకని రచయిత్రి గారూ, పరకీయ అనే మాట నవలలో ఆ ఇంటి పెద్దల నోట్లో ఉంచండి. మీ నోట్లోకి మాత్రం రానివ్వకండి.

మిండడు పుట్టుకతో తిట్టు కాదు, ఇది కూడా చెప్పాలి. కన్నడంలో మిండ అంటే పడుచువాడు అనే అర్థం కూడా ఉంది. పాల్కురికి సోమన బసవపురాణంలో మిండజంగాలు (వేశ్యల ఇళ్ళకి వెళ్ళే జంగమయ్యలు) వస్తారు, శివభక్తులకి వాళ్ళూ పూజ్యులే. కాలం గడిచేకొద్దీ మాట పాడైపోయింది. రంకు సంగతి వేరు, అది ఆడవాళ్ళ మీద వేయడానికే పుట్టినట్టుంది. ‘రంకు నేర్చినమ్మ బొంకు నేర్వదా’ అన్న సామెతలో అమ్మ ఉంది. అయ్య ఎక్కడున్నాడో ఎవరికీ పట్టలేదు.

ప్రశ్న అడిగినామె:

అందరికీ థాంక్స్. మొక్కుబడి కాపురం అట్ట మీదకి వెళ్ళిపోయింది. తలుపు చాటు సీను కూడా రాసేస్తాను మాస్టారూ.

అసలు మాట సంగతి. రాత్రి నిద్ర పట్టక క్షేత్రయ్య పదాలు వింటూ కూర్చున్నాను. ‘ఎంత చక్కని వాడే నా సామి, వీడెంత చక్కని వాడే’ వచ్చింది. చిన్నప్పటి నుంచి విన్నదే. నిన్న మాత్రం ఒక చోట ఆగిపోయాను. ‘నా సామి’ అన్న నోటితోనే, ఊపిరి తిప్పుకోకుండా, ‘వీడు’ అంటోంది. దేవుణ్ణి, యజమానిని పిలిచే మాట ఒకటి, పక్కింటి కుర్రాణ్ణి పిలిచే మాట ఒకటి. రెంటి మధ్యా ఆమెకి ఏ ఇబ్బందీ లేదు.

అప్పుడు తట్టింది. ఆమె ఉపపతి అనదు, జారుడు అనదు, ప్రియుడు కూడా అనదు. ఆ నామవాచకాలన్నీ బయట నుంచి చూసేవాళ్ళవి. శాస్త్రానికి ఒకటి కావాలి, కోర్టుకి ఒకటి కావాలి, పేపరుకి ఒకటి కావాలి. ఆమెకి అక్కర్లేదు. ఆమెకి వాడు ‘వాడు’. మొగుడు ‘ఆయన’.

నేను మూడు వారాలుగా నిఘంటువులో వెతుకుతున్నది సర్వనామాల్లో ఉంది! ‘ఆయన భోంచేశారు’, ‘వాడు తిన్నాడో లేదో’. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెడితే ఆమె ఎవరి ఆకలి గురించి ఆలోచిస్తోందో వేరే చెప్పాలా? అలాగని ‘ఆయన’లో ప్రేమ ఉండదని కాదు. ఇష్టపడే మొగుడి గురించి కొందరు ఆ మాటే ఎంత తీపిగా అంటారో మనకి తెలుసు. నా నాయిక నోట్లో మాత్రం అది వాకిట్లో అరుగు లాంటిది. ఎవరైనా కూర్చోవచ్చు, లోపలికి రానక్కర్లేదు.

జవాబు:

ఆగండాగండి. మాట బాగుంది గానీ కాలం ఒప్పుకోదు. ఇలా మీరు, నువ్వు అని గీత గీసుకోవడం మన ఈనాటి అలవాటు. కావ్యాల్లో అందరూ అందర్నీ ‘నీవు’ అనే అంటారు. రాజునీ నీవే, దేవుణ్ణీ నీవే. పోతన భాగవతంలో రుక్మిణి ఇంకా కళ్ళతో చూడని కృష్ణుడికి పంపిన సందేశంలో ‘ప్రాణేశ! నీ మంజుభాషలు వినలేని కర్ణరంధ్రంబుల కలిమి యేల’ అంటుంది. ‘మీ మంజుభాషలు’ అనలేదు. మీ దళవాయి కోడలు మొగుడితో ‘మీరు’ అంటే, కాలం తెలిసినవాడు మొదటి పేజీలోనే పట్టేసుకుంటాడు.

ఇంకోటి. ‘వాడు’లో చనువు ఎంత ఉందో చులకన కూడా అంతే ఉంది. దొంగనీ వాడే అంటాం, శత్రువునీ వాడే అంటాం. మీరు అనుకున్న ప్రేమ పాఠకుడికి వినిపించకపోతే?

ప్రశ్న అడిగినామె:

మొదటిది ఒప్పుకుంటున్నాను, సగం. కావ్యభాష ప్రకారం మీరు చెప్పిందే సరి. కానీ నేను రాస్తున్నది ఈ రోజు తెలుగు వచనం. వాళ్ళ చేత సంధులు తప్పకుండా 1710 నాటి తెలుగు మాట్లాడిస్తే చదివేవాళ్ళకి ప్రేమకథ పోయి పరీక్ష టెన్షన్ మిగులుతుంది. అందుకని మధ్యేమార్గం ఒకటి ఎంచుకున్నాను. ఎదురుగా మాట్లాడేటప్పుడు ‘మీరు’ తీసేశాను. మొగుడితో ఆమె మాటల్లో సర్వనామమే లేదు. ‘భోజనం సిద్ధం.’ ‘రేపు ప్రయాణమట.’ ‘ఉత్తరం వచ్చింది.’ ఎవరితో అంటోందో వాక్యంలో ఉండదు, గోడతో అన్నా సరిపోతుంది. తెలుగులో కర్త లేకుండా ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు, కాపురమంతా అలాగే నడిపెయ్యొచ్చు. రాయసంతో మాత్రం ‘నువ్వు’ లేకుండా ఒక్క వాక్యం కూడా ఉండదు. ‘నువ్వు రాసిన అక్షరమేనా ఇది’, ‘నువ్వు నిన్న రాలేదేం’. ఆయన, వాడు అనే తేడా చాటున మాట్లాడేటప్పుడే వస్తుంది.

మీ రెండో అభ్యంతరం మాత్రం నాకు కథనే ఇచ్చింది. నిజంగా. ‘వాడు’ చులకన మాట అన్నారు కదా, ఆ ఇంట్లో ఆ రాయసం అందరికీ ‘వాడే’! జీతానికి రాసేవాడు. అత్తగారు ‘వాణ్ణి పిలు’ అంటుంది, మొగుడు ‘వాడికి చెప్పు’ అంటాడు, వంటమనిషి ‘వాడొచ్చాడు’ అంటుంది. వాళ్ళందరి మధ్యా నిలబడి ఈమె కూడా ‘వాడు’ అంటుంది. పదిమంది ఎదుట, పట్టపగలు, రోజుకి పదిసార్లు. ఎవరికీ అనుమానం రాదు. ఆమె దాచుకోవాల్సిన మాట ఇంటిల్లిపాదీ వాడుకునే మాటే అయింది. ఇంతకంటే మంచి దాపు ఆమెకి ఎవరు ఇస్తారు?

అంటే బయటపడటం కూడా మాటతోనే జరగాలి. నిన్నటి దాకా వాళ్ళు దొరికిపోవడానికి ఒక ఉత్తరం పెట్టుకున్నాను. అన్ని ప్రేమకథల్లోనూ ఉత్తరమే ఉంటుంది. తీసేశాను. పొద్దున్న రాసిన ముక్క ఇది, చూసి చెప్పండి:

రెండు రోజులుగా ముసురు. రాయసం జ్వరంతో పడుకున్నాడని ఎవరో అన్నారు. అత్తగారు దీపం ఒత్తి సరిచేస్తోంది. కోడలు గుమ్మం దగ్గర నిలబడి వీధిలోకి చూస్తోంది.

‘ఆయన ఇవాళ కూడా రారేమో’ అంది.

అత్తగారి చెయ్యి ఒత్తి మీదే ఆగిపోయింది. కొడుకు పక్క గదిలో గుర్రు పెడుతున్నాడు, ఆ చప్పుడు ఇద్దరికీ వినిపిస్తోంది.

‘ఏ ఆయన?’ అంది అత్తగారు.