రెండు పాత గేర్‌బాక్సుల నుంచి ఒకటి బాగుచేసుకోవాలి, మూడో గేరు దగ్గర ఆగిపోయాను

నాది 1960ల నాటి కారు, 4 గేర్ల బాక్సు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే మూడో గేరు దానంతటదే న్యూట్రల్‌లోకి వచ్చేస్తోంది. రెండులోకి దించితే కరకరమంటోంది. ఆయిల్ దించితే పుప్పొడి కలిపినట్టు పసుపుగా మెరిసింది.

విప్పాను. మూడో గేరు డాగ్ పళ్ల (గేరును షాఫ్ట్‌కు లాక్ చేసే చిన్న పళ్లు) అంచులు గోటితో తడిమితే గుండ్రంగా తగులుతున్నాయి. ఇత్తడి సింక్రో రింగును (గేరు పడేముందు వేగాలు కలిపే రింగు) గేరు కోన్ మీద నొక్కి చూస్తే సందు 0.3 మి.మీ. కూడా లేదు, సందు కొలిచే ఫీలర్ గేజ్ దూరడమే కష్టమైంది, అంటే రింగు అరిగిపోయింది. రింగులు కొత్తవి దొరుకుతాయి కాబట్టి వాటి గురించి బెంగ లేదు.

విడిభాగాల కోసం అదే కేసింగ్ ఉన్న ఇంకో బాక్సు కొన్నాను. దాని మూడో గేరు, షాఫ్ట్‌తో తిరిగే హబ్, దాని మీద జరిగి గేరును పట్టుకునే స్లీవ్ చక్కగా ఉన్నాయి. కానీ మూడో గేరు పళ్లు నా దానికంటే ఒకటి తక్కువ, అంటే నా లే షాఫ్ట్ క్లస్టర్‌తో (పక్క షాఫ్ట్ మీద ఒకే ముక్కగా ఉండే గేర్ల గుత్తి) జత కలవదు. క్లస్టర్ కూడా దానిదే వేస్తే ఇన్‌పుట్ షాఫ్ట్, మిగతా గేర్లు కూడా మార్చాల్సిందేనా? లేక పళ్ల లెక్క కలిసిన చోట నావి ఉంచుకోవచ్చా? హబ్, స్లీవ్ మాత్రమే మారిస్తే అరిగిన డాగ్ పళ్ల మీంచి మళ్లీ జారుతుందనే నా టెన్షన్.

క్లస్టర్ మార్చినప్పుడు ఎండ్ ఫ్లోట్ (క్లస్టర్ ముందుకూ వెనక్కూ కదిలే సందు) కోసం, దాన్ని సరిచేసే థ్రస్ట్ వాషర్లు ఏ బాక్సువి తీసుకుని మొదలుపెట్టాలి? ఇలా రెండు బాక్సులు కలిపి నడిపినవాళ్లు దయచేసి చెప్పండి. ఈ కారును మళ్లీ రోడ్డెక్కించాలని చాలా ఆశగా ఉంది.