ఆదివారం బౌలర్‌కి కంప్యూటర్ అనాలిసిస్ అవసరమా?

సీమ్_అప్:
నాకు 33 ఏళ్లు. ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు లెదర్ బాల్ మ్యాచ్‌లు ఆడతాను. కుడిచేతి మీడియం పేస్. ఈ మధ్య ఒక అకాడమీలో డబ్బు కట్టి బౌలింగ్ అనాలిసిస్ చేయించుకున్నాను. కెమెరాలు పెట్టి రెండు ఓవర్లు వేయించి, వేగం, మోకాలి వంపు, భుజాల కోణం అంటూ పన్నెండు పేజీల రిపోర్ట్ చేతిలో పెట్టారు. ఇందులో ఏం మార్చుకోవాలో చెప్పినవాళ్లు లేరు. అన్నీ ఒకేసారి సరిచేసుకోబోయి మూడు మ్యాచ్‌లుగా లైన్ పోగొట్టుకున్నాను. మనలాంటివాళ్లకి ఇది నిజంగా పనికొస్తుందా?

గల్లీ_యార్కర్:
పనికిరాదు అన్నా. మన సిరాజ్‌నే చూడు. హైదరాబాద్‌లో టెన్నిస్ బంతితో ఆడుతూ ఎదిగాడు. 2025లో ఓవల్ టెస్ట్ 6 పరుగులతో గెలిచినప్పుడు ఆఖరి వికెట్‌కి వేసిన యార్కర్ ఏ రిపోర్ట్ చదివి నేర్చుకున్నాడు? గుడ్ లెంగ్త్‌లో ఒక రుమాలు పరిచి రోజూ గంటసేపు వెయ్యి. చేతికి అలవాటైతే చాలు.

మూడో_స్లిప్:
రుమాలు మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ మన ఒంటి గురించి మనకి తెలుస్తుందనుకోవడం పొరపాటు. 1995లో మెల్‌బోర్న్‌లో శ్రీలంక స్పిన్నర్ మురళీధరన్ మోచెయ్యి చాచి బంతిని విసురుతున్నాడని అంపైర్ డారెల్ హెయిర్ వరసగా నో బాల్స్ ఇచ్చాడు. తర్వాత పరీక్షలు చేస్తే, అతని మోచెయ్యి పుట్టుకతోనే పూర్తిగా చాచుకోదని, దాంతో కంటికి విసిరినట్టు కనిపిస్తుందని తేలింది. తప్పులేని యాక్షన్ అనుకున్న బౌలర్ల మోచేతులూ ఎంతో కొంత చాచుకుంటున్నాయని కెమెరాలు చూపించాకే, 15 డిగ్రీల వరకు చాచుకోవచ్చన్న హద్దు వచ్చింది. దగ్గర నిలబడి చూసిన అంపైర్‌కే తెలియనిది, పరిగెత్తుకొచ్చి బంతి వేసే మనకేం తెలుస్తుంది?

నా అభ్యంతరం వేగం అంకె మీదే, ముఖ్యంగా ఫోన్ యాప్‌లు చూపించేదాని మీద. లెక్క వేసి చూడండి. ఒక క్రీజు నుంచి ఇంకో క్రీజుకి దాదాపు 17.7 మీటర్లు. గంటకి 110 కిలోమీటర్ల బంతి ఆ దూరాన్ని సుమారు 0.58 సెకన్లలో దాటుతుంది. సెకనుకి 30 ఫ్రేములు తీసే వీడియోలో అది 17 ఫ్రేములే. బంతి వదిలిన క్షణాన్ని ఒక్క ఫ్రేము అటూ ఇటూ గుర్తిస్తే 6, 7 కిలోమీటర్లు మారిపోతుంది. 240 ఫ్రేముల స్లో మోషన్‌లో ఆ తేడా ఒక కిలోమీటరు కూడా ఉండదు. అప్పుడు కూడా టీవీలో కనిపించే వేగంతో పోల్చుకోకండి. అది బంతి చెయ్యి వదలగానే కొలిచింది, ఇది పిచ్ తగిలి నెమ్మదించిన బంతి సగటు. ఆ అంకె కోసం భుజం నొప్పి తెచ్చుకున్నవాళ్లని మా టీమ్‌లోనే చూశాను, బాధేస్తుంది.

పిచ్_రోలర్:
విశాఖలో పిల్లలకి బౌలింగ్ నేర్పిస్తాను. ఒక్క విషయంలో వీడియో తప్పనిసరి అంటాను, అది నడుము. తుంటి బ్యాట్స్‌మన్ వైపు ఉండి భుజాలు పక్కకి తిరిగితే, బంతి వేసేటప్పుడు వెన్ను కింది భాగం మెలి తిరుగుతుంది. కుర్ర ఫాస్ట్ బౌలర్ల వెన్నెముకలో సన్నని పగుళ్లు రావడానికి ఇదొక కారణం. మామూలు వేగంలో నాకూ కనపడదు. వెనక నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి స్లో మోషన్ తీస్తే తెలిసిపోతుంది. సీమ్_అప్ గారూ, ఆ రిపోర్ట్ పారేయకండి. ముందు మీ వీడియో చూసుకుని, కళ్లకి కనిపించిన ఒక్క తప్పునే పట్టుకోండి. అది కుదిరేవరకు రెండోదాని జోలికి పోవద్దు.

సీమ్_అప్:
అందరికీ థాంక్స్. ఈ పొద్దున ఫోన్ ట్రైపాడ్ మీద పెట్టి 24 బంతులు వేశాను. బంతి వదిలే ముందు నా తల ఎడమవైపుకి పడిపోతోంది. ఇంటికొచ్చి రిపోర్ట్ తీస్తే ఏడో పేజీలో అదే ఉంది, డిగ్రీల్లో. పది సార్లు చదివినా నాకు అర్థం కాలేదు. రుమాలు పరిచిన చోటికి దగ్గరగా పడినవి 9. తల ఒక్కటే చూసుకుంటూ ఈ వారం వేస్తాను, వచ్చే ఆదివారం మళ్లీ లెక్కపెట్టి ఇక్కడే రాస్తాను.