దారిలో తప్పిపోయిన పార్సిళ్లను సిస్టమే పట్టుకుని మళ్లీ పంపాలంటే ఎన్ని రోజులు ఆగాలి?

పచ్చళ్ల_ప్యాకింగ్ (ప్రశ్న)

విజయవాడ నుంచి పచ్చళ్లు, పొడులు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. రోజుకు 150 పార్సిళ్ల దాకా వెళ్తాయి. రెండు ప్రైవేటు కొరియర్లు ఉన్నాయి, అవి వెళ్లని ఊళ్లకు స్పీడ్‌పోస్ట్. ఆర్డర్లు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంటాయి, కొరియర్ల వెబ్‌హుక్‌లు (స్కాన్ పడగానే వాళ్ల సిస్టమ్ మాకు పంపే సమాచారం) నేరుగా అందులోకే వస్తాయి. చివరి స్కాన్ పడి ఐదు రోజులు దాటితే పార్సిల్ పోయినట్టు లెక్కగట్టి కొత్తది బుక్ చేసే క్రాన్ జాబ్ (నిర్ణీత వేళకు తనంతట తానే నడిచే ప్రోగ్రామ్) రాసుకున్నాం.

దీంతో రెండు ఇబ్బందులు. గౌహతి వైపు వెళ్లే పార్సిల్ దారిలో క్షేమంగానే ఉంటుంది, ఈలోగా రెండోది కూడా బయల్దేరిపోతుంది. హైదరాబాద్ పార్సిల్ మొదటి రాత్రే పోయినా ఐదో రోజు దాకా మాకు తెలియదు. ఆర్డర్లలో దాదాపు సగం క్యాష్ ఆన్ డెలివరీ. ఐదు రోజులకు బదులు ఎన్ని పెట్టాలి?

హబ్_ఇన్‌స్కాన్

ఐదు తీసి ఏ సంఖ్య పెట్టినా ఇదే తంటా అండీ. పార్సిల్ ఏ మజిలీలో ఆగిందో చూడాలి. ఒక్కో మజిలీకి గడువు వేరు, చేయాల్సిన పనీ వేరు.

లేబుల్ తయారై పికప్ స్కాన్ పడకపోతే 24 గంటలు చాలు. అప్పుడు కొత్తది పంపకండి, ముందు మీ ర్యాకులు వెతకండి. చాలాసార్లు పార్సిల్ అక్కడే ఉంటుంది, లేదా పికప్‌కు వచ్చినతను స్కాన్ కొట్టకుండానే సంచిలో వేసుకుని వెళ్లిపోయి ఉంటాడు. పికప్ పడి, మీ ఊరి హబ్‌లో (కొరియర్ పార్సిళ్లను వేరుచేసే కేంద్రం) ఇన్‌స్కాన్, అంటే లోపలికి వచ్చినట్టు స్కాన్, పడకపోతే ఒక రోజు దాటగానే అనుమానించాల్సిందే. ఊళ్లోనే తిరిగే బండికి అంతకంటే ఎక్కువ పట్టే కారణం లేదు. అవుట్ ఫర్ డెలివరీ అని పడి, రాత్రి 11 అయినా డెలివర్డ్ అనో, ఇవ్వలేకపోయాం అనో రాకపోతే మర్నాడు పొద్దున్నే కొరియర్‌కు టికెట్ (ఫిర్యాదు) వేయండి. ఆ సమయానికి పార్సిల్ ఇంకా డెలివరీ బాయ్ సంచిలోనో, ఆ బ్రాంచి నేల మీదో ఉంటుంది. రెండు రోజులు ఆగితే దొరికే అవకాశం బాగా పడిపోతుంది.

హబ్ నుంచి హబ్‌కు వెళ్లే మజిలీ దగ్గరే అందరూ మోసపోతారు. అక్కడ పార్సిళ్లు ఒక్కొక్కటిగా కదలవు, పెద్ద బ్యాగుల్లో సీలు వేసి పంపుతారు. మధ్యలో ప్రతి హబ్‌లోనూ స్కాన్ చేసేది బ్యాగు మీది బార్‌కోడ్‌నే. బ్యాగు నాగపూర్ చేరితే అందులో ఉన్నాయని రాసుకున్న పార్సిళ్లన్నిటికీ "నాగపూర్ చేరింది" అని సిస్టమ్ తనే రాసేస్తుంది. మీ పార్సిల్ విజయవాడలోనే బ్యాగులో పడకుండా కింద ఉండిపోయినా ట్రాకింగ్‌లో ప్రయాణం సాగుతూనే కనిపిస్తుంది. గమ్యం హబ్‌లో బ్యాగు విప్పి ఒక్కొక్కటీ స్కాన్ చేసినప్పుడు గానీ "షార్ట్" (లెక్కలో తగ్గింది) అని బయటపడదు. అందుకే విడిగా పార్సిల్‌నే స్కాన్ చేసిన చివరి చోటు ఏదో వేరే కాలమ్‌లో పెట్టుకోండి. వెతకమని అడగాల్సింది ఆ చోటునే, బ్యాగు ఆఖరున కనిపించిన ఊరిని కాదు. మీ కొరియర్ ఫీడ్‌లో బ్యాగు నంబరు వస్తుంటే ఇంకా మంచిది. ఒకే బ్యాగులోని పార్సిళ్లన్నీ ఆగితే పోయింది బ్యాగు, ఒక్కటే ఆగితే పోయింది పార్సిల్.

క్యూ_వర్కర్

పైన చెప్పిన గడువులను ఊహతో పెట్టక్కర్లేదు, మీ పాత డేటాలోంచే తీయొచ్చు. గత 90 రోజుల్లో డెలివరీ అయినవి తీసుకుని, కొరియర్, గమ్యం పిన్‌కోడ్‌లో మొదటి మూడు అంకెలు, మజిలీ, ఈ మూడింటి వారీగా పట్టిన సమయానికి 95వ పర్సెంటైల్ (వందలో 95 పార్సిళ్లు ఆలోపే దాటిన సమయం) లెక్కించండి. మూడు అంకెలు ఎందుకంటే తపాలా శాఖ లెక్కలో అవి సార్టింగ్ జిల్లాను చెబుతాయి. ఒక గుంపులో 30 కంటే తక్కువ పార్సిళ్లు ఉంటే ఆ లెక్కను నమ్మకండి, మొదటి రెండు అంకెలకు వెళ్లండి. సర్ఫేస్‌లో వెళ్లేవి, ఎయిర్‌లో వెళ్లేవి కలపొద్దు. ఆదివారాలు, పండగ సెలవులు తీసేసి పనిగంటల్లో కొలవండి, లేకపోతే ప్రతి సంక్రాంతికీ వందల్లో దొంగ అలర్టులు వస్తాయి.

వెబ్‌హుక్ సంగతి. నేరుగా ఆర్డర్ల టేబుల్‌లో రాయకండి. వచ్చింది వచ్చినట్టు ఒక టేబుల్‌లో పడేసి వెంటనే 200 జవాబు (అందింది అని చెప్పే కోడ్) ఇచ్చేయండి, ఆ తర్వాత క్యూలోంచి తీసి చూడండి. మీ సర్వర్ ఆలస్యంగా జవాబిస్తే అవతలివాళ్లు కొన్నిసార్లు ప్రయత్నించి మానేస్తారు, ఆ స్కాన్ మీకు ఎప్పటికీ రాదు. అందుకే డెలివరీయో, రిటర్నో తేలని పార్సిళ్లను ఆరు గంటలకోసారి కొరియర్ ట్రాకింగ్ ఏపీఐతో (ప్రోగ్రామ్ నుంచే వివరాలు అడిగే దారి) మీరే అడిగి సరిచూసుకోవాలి. పోయిందనుకున్న వాటిలో కొన్నిటి విషయంలో నిజానికి పోయింది వెబ్‌హుక్కే.

స్కాన్ జరిగిన సమయం, మీకు అందిన సమయం రెండూ దాచండి. వరుస పేర్చాల్సింది స్కాన్ సమయంతో. ఒకే కొరియర్ కొన్ని స్కాన్లను యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం), ఇంకొన్నిటిని టైమ్‌జోన్ రాయకుండా మన సమయంలో పంపితే ఐదున్నర గంటల తేడాతో అవుట్ ఫర్ డెలివరీ స్కాన్ కంటే ముందే డెలివరీ అయిపోయినట్టు కనిపిస్తుంది. అర్థం కాని స్టేటస్ కోడ్ వస్తే పక్కన పడేయకుండా మనిషికి చూపించండి.

స్పీడ్‌పోస్ట్ నంబర్లు చేత్తో ఎక్కిస్తుంటే చెక్ డిజిట్ (మిగతా అంకెలు సరిగ్గా ఉన్నాయో తేల్చే అంకె) పరీక్ష పెట్టండి. రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర దేశం కోడ్ రెండక్షరాలు, మొత్తం 13. మొదటి ఎనిమిది అంకెలను వరుసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో గుణించి కూడండి. మొత్తాన్ని 11తో భాగిస్తే వచ్చే శేషాన్ని 11లోంచి తీసేస్తే తొమ్మిదో అంకె రావాలి. 10 వస్తే 0గా, 11 వస్తే 5గా తీసుకోవాలి. ఉదాహరణకు 12345678కి మొత్తం 204, శేషం 6, కాబట్టి చెక్ డిజిట్ 5. ట్రాకింగ్‌లో "వివరాలు లేవు" అని వచ్చే తప్పుడు నంబర్లు చాలా వరకు ఇక్కడే ఆగిపోతాయి.

హబ్_ఇన్‌స్కాన్

95వ పర్సెంటైల్ దాటగానే అలర్టు ఇవ్వడం వరకు సరే గానీ, దాని మీదే కొత్త పార్సిల్ బుక్ చేయొద్దు. నిర్వచనం ప్రకారమే క్షేమంగా చేరిన ప్రతి వందలో ఐదు ఆ గీత దాటినవే కదా. 95 దగ్గర కొరియర్‌కు టికెట్ వేసి, కస్టమర్‌కు "ఆలస్యం అవుతోంది, కనుక్కుంటున్నాం" అని వాట్సాప్ పంపండి. 99వ పర్సెంటైల్ కూడా దాటి, టికెట్‌కు 48 గంటల్లో పార్సిల్ ఆచూకీ రాకపోతే అప్పుడు రెండోది.

దీనికి తోడు ఒక అడ్డుకట్ట పెట్టాలి. చివరి స్కాన్ ఒకే హబ్‌లో ఉన్న పార్సిళ్లలో ఐదో వంతు కంటే ఎక్కువ ఆలస్యమైతే ఆ హబ్‌కు ఆటోమేటిక్ రీప్లేస్‌మెంట్ ఆగిపోవాలి. తుఫానో, రోడ్డు తెగడమో, సమ్మెనో అయ్యుంటుంది. అప్పుడు పంపే కొత్త పార్సిల్ కూడా వెళ్లి అదే కుప్పలో పడుతుంది.

పచ్చళ్ల_ప్యాకింగ్

చాలా ఉపయోగపడే వివరాలు. ఇంకో రెండు విషయాలు చెప్పండి. క్యాష్ ఆన్ డెలివరీకి కూడా ఇదే పద్ధతేనా? డెలివర్డ్ అని పడి, కస్టమర్ అందలేదంటే?

క్యూ_వర్కర్

క్యాష్ ఆన్ డెలివరీని పూర్తిగా ఆటోమేటిక్ చేయకండి. రెండూ చేరితే కస్టమర్ మొదటిదానికి డబ్బు కట్టి రెండోది వద్దంటారు, రానూపోనూ చార్జీలు మీ మీదే పడతాయి. వాట్సాప్‌లో "మళ్లీ పంపమంటారా, రద్దు చేయమంటారా" అని రెండు బటన్లు పంపండి. పంపమన్నాకే బుక్ అవ్వాలి.

ఏ రకం ఆర్డరైనా బుకింగ్ వరుస ఇదే: ముందు పాత పార్సిల్‌కు రిటర్న్ ఆదేశం, తర్వాత స్టాకు రిజర్వు, ఆ తర్వాత కొత్త లేబుల్. రీప్లేస్‌మెంట్ టేబుల్‌లో అసలు ఆర్డర్ లైన్ ఐడీ మీద యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే ఐడీ రెండోసారి రాకుండా ఆపే నియమం) పెట్టండి. క్రాన్ జాబ్ పొరపాటున రెండుసార్లు నడిచినా రెండో ఎంట్రీని డేటాబేసే ఒప్పుకోదు. ఒక ఆర్డర్‌కు ఒక్క రీప్లేస్‌మెంటే ఆటోమేటిక్, అది కూడా పోతే మనిషి చూడాలి. కొత్తది ఇంకా పికప్ కాకముందే పాతదానికి స్కాన్ పడితే రిటర్న్ ఆదేశం వెనక్కి తీసుకుని కొత్త లేబుల్ రద్దవ్వాలి. ఈ చివరి షరతు ఒక్కటీ రాస్తే మీ గౌహతి సమస్య చాలావరకు తీరుతుంది.

డెలివర్డ్ అని పడి అందలేదంటే డెలివరీ ప్రూఫ్ అడగండి: ఓటీపీ వాడారా, ఫొటో ఉందా, స్కాన్ కొట్టిన లొకేషన్ ఏది. నగరాల్లో లొకేషన్ బాగా పనికొస్తుంది. పల్లెల్లో చిరునామాకు మ్యాప్ చూపే చుక్కే కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, దాన్నిబట్టి ఎవరినీ అబద్ధమాడుతున్నారని అనకండి. పక్కింట్లోనో, వాచ్‌మన్ దగ్గరో ఇచ్చి ఉంటే ఒక రోజులో తేలుతుంది, అంతదాకా ఆగండి. కొరియర్‌కు ఫిర్యాదు మాత్రం అదే రోజు వెళ్లాలి, ఒప్పందాల్లో దీనికిచ్చే గడువు చాలా తక్కువ.

థర్మల్_రోల్

సాఫ్ట్‌వేర్ సరే, పచ్చళ్లన్నారు కాబట్టి లేబుల్ సంగతి చెప్పి తీరాలి. థర్మల్ కాగితానికి (వేడితో అచ్చు పడే లేబుల్ కాగితం) నూనె తగిలితే అచ్చు వెలిసిపోతుంది. మూత దగ్గర చెమర్చిన నూనె కార్టన్ గుండా లేబుల్‌కు చేరేసరికి బార్‌కోడ్ గీతలు లేత బూడిద రంగులోకి మారతాయి. సార్టర్ (పార్సిళ్లను ఊళ్లవారీగా వేరుచేసే యంత్రం) చదవలేదు, నంబరు మనిషికీ కనిపించదు. ఇక ఆ డబ్బా ఎవరిదో తెలియని సరుకుల మూలకు చేరుతుంది. పోయాయనుకునే పచ్చళ్లలో ఇలాంటివి ఉంటాయి, దొంగతనం కాదు.

జాడీ మూతకు ఇండక్షన్ సీల్ (మూత కింద జాడీ నోటికి వేడితో అంటించే రేకు), దాని పైన ప్లాస్టిక్ కవరు, జాడీ చుట్టూ నూనె పీల్చే కాగితం. లేబుల్ డబ్బా పైముఖం మధ్యలో, అంచు మీదికి మడత పడకుండా అంటించండి. పైన పారదర్శక టేపు వేయకండి, మెరుపుకు స్కానర్ తడబడుతుంది, కొన్ని టేపుల జిగురు థర్మల్ అచ్చును తినేస్తుంది కూడా. బార్‌కోడ్‌కు రెండు పక్కలా ఖాళీ ఉండాలి, అక్కడ స్టాంపులు, పెన్ను గీతలు వద్దు. పాత డబ్బాలు వాడితే వాటి మీది బార్‌కోడ్‌ను పూర్తిగా చింపేయండి, సార్టర్ దాన్ని చదివి వేరే ఊరికి తోసేస్తుంది. ఆర్డర్ నంబరు, ఫోన్ నంబరు ఉన్న చీటీ ఒకటి మామూలు కాగితం మీద లేజర్ ప్రింట్ తీసి, చిన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి డబ్బా లోపల వేయండి. లేబుల్ పోయిన డబ్బా విప్పినప్పుడు మిమ్మల్ని పట్టించేది అదే.

జమాఖర్చు

డబ్బు వైపు నుంచి. పికప్ మ్యానిఫెస్టు (కొరియర్‌కు అప్పగించిన పార్సిళ్ల జాబితా) మీద పార్సిళ్ల సంఖ్య, సంతకం, సమయం లేకపోతే "మాకు అందలేదు" అనే మాటకు మీ దగ్గర జవాబుండదు. క్లెయిమ్‌కు ఇన్వాయిస్, మ్యానిఫెస్టు, చివరి స్కాన్, టికెట్ నంబరు కావాలి. రీప్లేస్‌మెంట్ బుక్ అయిన క్షణంలోనే ఈ నాలుగూ ఒక ఫోల్డర్‌లో చేరేలా ఆటోమేట్ చేయండి. రోడ్డు రవాణాకు క్యారేజ్ బై రోడ్ చట్టం, 2007 వర్తించే చోట బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వక నోటీసు ఇవ్వకపోతే దావాకు దారి ఉండదు. స్పీడ్‌పోస్ట్‌లో పోతే వచ్చేది కట్టిన చార్జీకి రెట్టింపు లేదా 1,000 రూపాయలు, ఏది తక్కువైతే అది. ఎక్కువ విలువ ఉంటే ఇన్సూరెన్స్ చేయండి.

పోయిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌ను (కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్‌టీకి వచ్చే తగ్గింపు) సీజీఎస్‌టీ చట్టం 17(5)(హెచ్) ప్రకారం వెనక్కి ఇవ్వాలి. సీసాలు, డబ్బాలు, నూనె, అన్నిటి మీదా. కాబట్టి "పోయింది" అన్న స్టేటస్‌తో పాటు తేదీ, సరుకు ఖరీదు నెలవారీ రిపోర్టులోకి వెళ్లాలి. పాత ఇన్వాయిస్‌కు క్రెడిట్ నోట్ ఇచ్చి కొత్తది తీయాలా, పాతదాని మీదే పంపాలా అన్నది మీ ఆడిటర్‌తో ముందే తేల్చుకోండి, ప్రతి పార్సిల్‌కూ ఒకే పద్ధతి ఉండాలి.

పోయిందనుకున్నది మూడు వారాలకు రిటర్న్‌గా తిరిగొస్తే సిస్టమ్ దాన్ని తనంతట తాను అమ్మకపు స్టాకులో కలపకూడదు. తినే సరుకు కాబట్టి సీలు, బ్యాచ్ తేదీ మనిషి చూసి ఒప్పుకునే దాకా విడి ర్యాకులో, విడి స్టాకు కోడ్‌తో ఉండాలి.